శెట్టెమ్మ ప్రయాణం రాసే రోజు

బత్తలపల్లెలో మృగశిర కార్తె వచ్చిందంటే కన్యకమ్మ చేసే పనులు మూడు. అటక మీది గోనెపట్టాలు దించి ఎండేయించడం, వేరుశనగ విత్తనకాయ ఒలవడానికి ఆడవాళ్ళకు కబురు పెట్టడం, మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో గోడకానుకుని నోటుబుక్కులో హైదరాబాదు ప్రయాణం రాయడం. మొదటి రెండూ విత్తనాల అంగడి ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగేవే. మూడోది రాస్తే వాన పడుతుంది.

ముప్పై ఏళ్ళకు పైగా పడుతోంది. దీని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఫలానా బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఫలానా ఎద్దు పొడుస్తుంది అన్నట్టే ఇదీ. ఏది రాస్తే ఎంత పడుతుందో కూడా అందరికీ తెలుసు. టిఫిను హోటళ్ళు రాస్తే నాలుగు చినుకులు. చార్మినారు, టాంక్‌బండు రాస్తే దుమ్ము అణిగేంత. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బయటికొచ్చి గంట కొట్టే గడ్డం బొమ్మ ఉన్న గడియారం గురించి రాస్తే బెత్తెడు లోతు తడుస్తుంది. నాటకం గురించి రాస్తేనే పదును, అంటే గొర్రు కట్టి విత్తనం వేయడానికి సరిపడా తడి. అందుకే ఆ మధ్యాహ్నం రైతులు వసారా మెట్ల మీద కూర్చుని బీడీలు కాలుస్తూ, నాటకం కాడికి వచ్చినావా శెట్టెమ్మా అని నడుమ నడుమ అడుగుతుంటారు.

ఒక ఏడు ఆమెకు టైఫాయిడు వస్తే, రైతుల్లో ఎర్రిస్వామి ఆమె పాత పేజీ ఒకటి తీసుకుపోయి కొడుకు చేత అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయించాడు. గాలి దుమారం లేచి రెండు ఇళ్ళ రేకులు ఎగిరిపోయాయి. రాసేవాళ్ళకు పోవాలని ఉండాలి. కన్యకమ్మకు ఉండేది.

ఆమె పుట్టిల్లు గుంతకల్లు. రైల్వే వాళ్ళు నాటకాలు ఆడించే హాల్లో వాళ్ళ నాయన టీ క్యాంటీను నడిపేవాడు. ఏటా చలికాలంలో పినాకినీ నాట్యమండలి వచ్చి నాలుగు రోజులు ఆడేది. ఆఖరి రోజు ఎప్పుడూ రాణి నాటకమే. కనపడకుండా పోయిన భర్తను వెతుక్కుంటూ రాణి ఒక్కతే ఓడ ఎక్కుతుంది, నీలం గుడ్డ కింద నలుగురు మనుషులు దొర్లుతూ అలలు లేపుతారు, తెర పడుతుంది. అది విరామం. కన్యకమ్మ లేచి పరుగెత్తాలి. మూడు వందల మందికి టీ అందించాలి. తర్వాత గ్లాసులు కడగాలి. రెండో సగమంతా ఆమెకు గోడ అవతలి హార్మోనియం, చప్పట్లు, చేతుల కింద బూడిద నీళ్ళు. పదేళ్ళ వయసు నుంచి పెళ్ళయ్యే దాకా ఆమె ఆ నాటకం మొదటి సగం పన్నెండు సార్లు చూసింది. ఓడ ఒడ్డు చేరిందా అని అడిగితే గార్డు చేరింది అన్నాడు, టికెట్ కలెక్టరు మునిగింది అన్నాడు. నాయనకు తెలియదు. ఆయన ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేవాడు.

పెళ్ళయిన ఏడాది, ఆ మండలి ఏటా జూన్‌లో హైదరాబాదు రవీంద్రభారతిలో ఆ నాటకం ఆడుతుందని పేపర్లో చూసి, కన్యకమ్మ మొదటిసారి ప్రయాణం రాసింది. రాసిన సాయంత్రమే మబ్బు పట్టింది. మరునాడు తెల్లారేసరికి విత్తనాలకు అంగడి ముందు మనుషులు బారులు తీరారు. భర్త సోమశేఖర్ తక్కెడ దించుతూ, “వచ్చే ఏడు పోదాంలే” అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. పదును మూడు రోజులే ఉంటుంది. ఆ మూడు రోజులు అంగడి మూస్తే రైతుకు ఏడాది పోతుంది. ఇది కన్యకమ్మకూ తెలుసు. సర్దిన సంచి విప్పేసి విత్తనం కొలవడానికి వెళ్ళేది. అట్లా ముప్పై ఒక్కసార్లు.

నోటుబుక్కులు మాత్రం బీరువాలో వరసగా ఉన్నాయి. మొదటి వాటిలో రెండంతస్తుల బస్సులో పైన కూర్చోవాలని ఉంది. ఆ బస్సులు పోయాయి, ఆమె కొట్టేసింది. ఆబిడ్స్‌లో ఒక హోటల్లో పూరీ పెద్ద పళ్ళెమంత ఉంటుందని ఎవరో చెబితే రాసుకుంది. ఆ హోటలు మూతపడింది, కొట్టేసింది. కొడుకు భరత్‌కుమార్ చిన్నప్పుడు పేజీలో జంతుప్రదర్శనశాల ఉండేది. వాడు పెద్దవాడై అదే అంగట్లో కూర్చున్నాక అది పోయి, కోడలు సుష్మిత వచ్చాక మెట్రో రైలు చేరింది. ప్రతి పేజీ అడుగునా ఒక వాక్యం మాత్రం మారలేదు: హలీమాబీకి లాడ్‌బజారు గాజులు. హలీమాబీ వాళ్ళ అంగట్లో కాయలొలిచే మనిషి. హైదరాబాదుకు కొత్తగా పోయేవాళ్ళు అఫ్జల్‌గంజ్‌లో ఏ బస్సు ఎక్కాలో కన్యకమ్మనే అడిగి పోయేవాళ్ళు. ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు.

నిరుడు సుష్మిత పేపరు తెచ్చి అత్త ముందు పెట్టింది. పినాకినీ నాట్యమండలి ఆఖరి ప్రదర్శన. ఆ తర్వాత తెరలూ కిరీటాలూ అమ్మేస్తారట.

అంతకుముందు రెండేళ్ళూ వానలు అంతంతమాత్రం. నాలుగైదేళ్ళ మనవరాలు చాందినికి తరచూ జబ్బులు చేసి, కన్యకమ్మ మనసు ప్రయాణం మీద సరిగ్గా నిలవలేదు. నిరుడు కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు. రైతులు మెట్ల మీద చేరారు. వాళ్ళలో పెద్ద రామదాసు. పదెకరాల మెట్ట, రెండెద్దులు, బ్యాంకు వాళ్ళు పిలిచినా సామాన్యంగా ఊరు దాటని మనిషి.

“కార్తె పోతాండాది శెట్టెమ్మా. పెన్ను తీయమ్మా” అన్నాడు రామదాసు.

“తీస్తా. అయితే ఈసారి రాసినాక పోతాండా.”

లోపల గద్దె మీద సోమశేఖర్ పెన్ను కింద పెట్టాడు.

“పోతే పోతువులే, ఎవరొద్దన్నారు” అన్నాడు ఎర్రిస్వామి. “ఆ నాటకం చూసేసినాక నీకు మళ్ళ పోవాలని ఉంటాదా అని.”

“ఉండదేమో.”

“మరి మా గతి?”

ఆ ప్రశ్న కన్యకమ్మ అంతకుముందు రాత్రంతా తనకు తానే వేసుకుంది. లోపలి నుంచి సోమశేఖర్, వచ్చే ఏడు, అని మొదలుపెట్టాడు. వచ్చే ఏడు నాటకం ఉండదని ఆమె చెప్పింది.

కాయలు ఒలుస్తున్న హలీమాబీ చాట కింద పెట్టింది. ఆ అంగట్లో ఆమె కాయలొలవడం మొదలుపెట్టిన ఏడూ, కన్యకమ్మ కాపురానికి వచ్చిన ఏడూ ఒకటే.

“ఏమప్పా ఎర్రిస్వామన్నా, ముప్పై ఒక్క ఏండ్లు నీ చేను తడిపింది. ఒక్కతూరి ఆమెను పోనీకుంటే ఎట్ల? నా గాజులు చూడు. అక్క మొదట రాసినప్పుడు నా గాజుల సైజు రెండు నాలుగు. ఇప్పుడు రెండు ఎనిమిది. ఇంగ రెండేండ్లు తాళితే ఆ చార్మినారే తొడుక్కోవాల.”

నవ్వనివాడు లేడు. నవ్వు అయిపోయాక రామదాసు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “ఈ ఏటిది ఈ ఏడు. రాయమ్మా. పోయిరా.”

ఆమె ఆ రోజు రెండు గంటలు రాసింది. ముందు వరస సీట్ల గురించీ, నీలం గుడ్డ గురించీ, విరామంలో లేవకుండా కూర్చోవడం గురించీ రాసింది. పేజీ తిప్పేలోగా రేకుల మీద మోత మొదలైంది. వాన మూడు రోజులు పడింది. చిత్రావతిలో నీళ్ళు పారాయి.

నాలుగో రోజు పొద్దున అంగడి ముందు బారు ఉండగానే కన్యకమ్మ సంచి పట్టుకుని బయటికొచ్చింది. వెనక సుష్మిత, చాందిని. అంగడి వదిలి రావడం తండ్రీకొడుకుల వల్ల కాదు. సోమశేఖర్ చేతిలో కుంచం పట్టుకుని సంచి వంక చూశాడు. అతని పెదవులు అలవాటైన మాటకు సిద్ధమయ్యాయి.

“గొడుగు పెట్టుకున్నావా?” అన్నాడు.

పెట్టుకున్నానంది. బారులో ఉన్నవాళ్ళు జరిగి దారిచ్చారు. రైలు గుత్తి దాటేటప్పుడు కోట మీద ఇంకా మబ్బు ఉంది.

హైదరాబాదు ఆమె రాసినట్టే ఉంది. గడ్డం బొమ్మ పన్నెండు సార్లు కొట్టింది. ఇరానీ చాయ్ తీపి ఎక్కువ. చాందిని మెట్రోలో చివరి స్టేషను దాకా పోయి దిగకుండా వెనక్కి రావాలంది, వచ్చారు. గాజులు కొన్నారు, రెండు ఎనిమిది. సాయంత్రం నాటకంలో రాణి ఓడ ఎక్కింది, నీలం గుడ్డ లేచింది, తెర పడింది. జనం టీలకు లేచారు. కన్యకమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. సుష్మిత టీ తెస్తానన్నా వద్దంది.

తిరిగొచ్చాక ఊరంతా ఒకటే అడిగింది, ఓడ ఒడ్డు చేరిందా అని. చేరిందని చెప్పింది. ఒక్క పద్యంలో చేరింది. మిగతా గంటన్నర హాస్యగాడే. నాటకమయ్యాక క్యాంటీను వెనక్కి పోయి చూశానని మాత్రం హలీమాబీకి ఒక్కదానికే చెప్పింది.

“గ్లాసులు కడిగేటోళ్ళు ఎవరన్నా ఉండారేమో, పిలిచి కథ చెబుదామనుకున్నా. ఇప్పుడంతా కాగితం కప్పులేనంట. ఎవరూ లేరు.”

హలీమాబీ చేయి చాపింది. గాజులు సరిపోయాయి.

ఈ ఏడు మృగశిరకు కన్యకమ్మ మళ్ళీ నోటుబుక్కు తెరిచింది. హోటళ్ళు రాసింది, గడియారం రాసింది, వేరే ఏదో నాటకం రాసింది. బడిపిల్ల చూచిరాత రాసినట్టు చక్కగా రాసింది. ఆకాశం తోమిన పళ్ళెంలా అట్లాగే ఉంది. మరునాడు మళ్ళీ రాసింది. పది రోజులు రాసింది. రైతులు వచ్చి కూర్చుని లేచి పోయేవాళ్ళు. ఎర్రిస్వామి ముందే చెప్పినాను కదా అంటాడని ఆమె ఎదురుచూసింది. అతను అనలేదు. అంటే బాగుండేది.

సోమశేఖర్ సంగతి ఎవరూ గమనించలేదు. ఏడాదిగా అతను చాందినిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతున్నాడు. ఆ బొమ్మ గంట కొట్టేటప్పుడు చెయ్యి పైకెత్తుతుందా, తల కూడా తిప్పుతుందా. ఇరానీ చాయ్ ఎంత తీపి. మెట్రో వంతెన మీద పోయేటప్పుడు కింద ఇళ్ళు కనపడతాయా. తాతా, ఇది నిన్ననే చెప్పినాను కదా అని పిల్ల విసుక్కునేది.

పదకొండో రోజు మధ్యాహ్నం కన్యకమ్మ నోటుబుక్కు మూసి కాయల చాట ముందుకు లాక్కుంది. సోమశేఖర్ గద్దె దిగి వచ్చి, అది తీసుకుని, బిల్లులు రాసే దస్తూరీతో మొదలుపెట్టాడు. ఉదయం టిఫిను. తర్వాత గడియారం. పది గంటల బొమ్మా, పదకొండు గంటల బొమ్మా, పన్నెండు గంటల బొమ్మా, మూడూ చూడవలెను. అక్కడి దాకా రాసి, పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, తల ఎత్తకుండా అడిగాడు.

“నాటకంలో ఆ అలలు... నలుగురే లేపుతారా?”

“నలుగురే” అంది కన్యకమ్మ.

అది కూడా రాశాడు. వసారా చూరు నుంచి మొదటి చుక్క మెట్ల మీద పడింది. రైతులు లేచి, గొర్రులు సరిచేసుకోవడానికి ఇళ్ళకు పోయారు.

రెండు రోజులు పడింది. పదునైంది. తెల్లారేసరికి బారు. సోమశేఖర్ నోటుబుక్కును తక్కెడ కింద దోపి, ఎవరితోనూ కాదు, తనతో తానే అన్నాడు, “వచ్చే ఏడు పోదాంలే.”

ఆ మాట ఆమె అన్నేళ్ళు విన్నది. అంటున్నవాడి ముఖం అప్పుడు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, వినగానే లోపలికి పోయేది కనుక. ఈసారి చూసింది. చూసి, అతని నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పుకుని తన కొంగుకు కట్టుకుంది. లోపలి నుంచి సంచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. భరత్‌ను తీసుకుని పొమ్మంది, అంగడి తానూ కోడలూ చూసుకుంటామంది. సోమశేఖర్ బారు వంక, సంచి వంక, ఆమె వంక చూశాడు. గొడుగు ఎక్కడుందని అడిగాడు.

తండ్రీకొడుకులు బస్సెక్కాక ఆమె కుంచం చేతిలోకి తీసుకుంది. బారులో ముందున్నది రామదాసు. సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు కానీ కళ్ళు బస్సు పోయిన దారిలోనే ఉన్నాయి.

“శెట్టి కూడా చూసొస్తే, వచ్చే ఏటికి ఎవరమ్మా?”

కన్యకమ్మ కుంచం గోనెలో గుచ్చి వదిలేసింది. తక్కెడ కింది నుంచి నోటుబుక్కు లాగి, కొత్త పేజీ తిప్పి, పైన వచ్చే సంవత్సరం వేసింది.

“నువ్వు యాడికన్నా పోయినావా రామదాసూ?”

“నేనా? ధర్మవరం పోయినాను. ఎద్దులకు.”

“అది కాదు. పోవాలని ఉండేది యాడికి?”

వెనక బారులో ఎవరో నవ్వబోయి ఆగారు. అరవై ఏళ్ళ రామదాసు సంచి ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అతన్ని ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“సముద్రం అంటారు కదమ్మా” అన్నాడు చివరికి, మెల్లగా. “అన్ని నీళ్ళు ఒక్కతావునే ఉంటాయంట. నిజమేనా?”

“నాకూ తెలీదు. నేను గుడ్డదే చూసినా” అంది కన్యకమ్మ. “ఏ ఊరి సముద్రం? పొద్దున చూస్తావా, సాయంత్రమా? టిఫిను ముందా, తర్వాతా? నిదానంగా ఆలోచించి చెప్పు.”

బారులో ఉన్నవాళ్ళు సంచులు కింద పెట్టి, అతను ఆలోచించే దాకా నిలబడ్డారు.