గంటకు పది క్రేట్లు

ఫ్రాన్సుకు పోయే సీటు ఒక్కటే. పోటీ పడేవాళ్ళు నలభై ఇద్దరు. 2007 ఏప్రిల్‌లో తిరుపతిలోని ఆ ఎంబీఏ కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన రోజు, అంతవరకు ఫ్రాన్సు మ్యాపులో ఏ మూల ఉందో చూడనివాళ్ళు కూడా అక్కడి చలికి ఎలాంటి స్వెట్టర్ కొనాలో చర్చించుకున్నారు. ఒక సెమిస్టరు అక్కడి బిజినెస్ స్కూల్లో చదవచ్చు. ఫీజు లేదు, హాస్టలు వాళ్ళదే. షరతు ఒక్కటే. పని జరిగే చోటికి పోయి, కళ్ళారా చూసి, ఇరవై పేజీల రిపోర్టు రాయాలి. ఆ తర్వాత అక్కడి నుంచి వచ్చే ప్రొఫెసరమ్మ ఇంటర్వ్యూ చేస్తుంది.

మహితకు ఆ సీటు కావాలి. ఫ్రాన్సు మీద ప్రేమేమీ లేదు. పలమనేరులో వాళ్ళ నాయన మునిరత్నానికి ఇనుప సామాన్ల అంగడి. ఒకటో తరగతి నుంచి ఇప్పటిదాకా ఏ జాబితాలో చూసినా ఆ పిల్ల పేరు మధ్యలోనే ఉండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మొదట ఉండాలని ఆశ. ఆశ తప్పు కాదు, ఆ తర్వాత చేసిందే తప్పు.

చిత్తూరు ఊరి బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేనేజరు కుప్పుస్వామి మునిరత్నానికి పాత పరిచయం. జూన్ మొదట్లో, కాయ లారీలు గేటు ముందు బారులు తీరి ఉన్న రోజుల్లో, మహిత అక్కడికి పోయి వారం రోజులు కూర్చుంది. ఆడవాళ్ళు వరుసగా నిలబడి, పండిన కాయకు తొడిమ కోసి, మచ్చ ఉన్నచోట చెక్కి, బెల్టు మీదికి వేస్తారు. ఎవరు గంటకు ఎన్ని క్రేట్లు కోస్తారో వాచీ పెట్టి చూడటం ఆమె పని. బోర్లించిన ఒక క్రేటు మీద కూర్చుని, స్టాప్‌వాచీ ఒక చేతిలో, నోటుబుక్కు ఒక చేతిలో పట్టుకుని, తనను తాను పెద్ద ఆఫీసరనే అనుకుంది.

ఆ వరుసలో మొదట నిలబడేది దేవకమ్మ. యాభై దాటిన మనిషి. మామిడి సొన కారి కారి ఆమె వేళ్ళ మధ్య చర్మం నల్లగా మాడిపోయి ఉండేది. మధ్యాహ్నం సద్ది విప్పితే మహితకు ఒక ముద్ద పెట్టకుండా తినేది కాదు. “సదువుకునే పిల్లవి, క్యాంటీను కూడు తింటే కడుపు చెడిపోతాది” అనేది. మహిత రోజూ తిన్నది.

వారం చివర మనిషికి సగటు లెక్క తేలింది. గంటకు పది క్రేట్లు. ఇలాంటి ఫ్యాక్టరీల మీద మహిత చదివిన పాత రిపోర్టుల్లో ఎక్కడా ఏడు దాటలేదు. పదంటే రిపోర్టు కళకళలాడిపోతుంది. ఆ సాయంత్రం సెలవు తీసుకోబోతుంటే దేవకమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

“బాగా వచ్చినాయా పాపా నీ లెక్కలు?”

“బాగా వచ్చినాయక్కా. పది.”

“వస్తాయిలే. నీకు మంచి మార్కులు రావాలని అందరం బిరబిరా కోసినాము. మామూలుగా యాడ పది? ఏడు కోస్తే గొప్ప. ఈ వారం చేతులు పడిపోయినాయి అనుకో” అని నవ్వింది. వెనక ఆ వరుసలోనే కోసే చంద్రకాంతమ్మ, ఆమె పక్కనుండే ఇంకొకామె కూడా నవ్వారు.

మహితా నవ్వింది. బస్సులో కూర్చున్నాక నోటుబుక్కు తెరిచి, ఆ పది అంకెను చాలాసేపు చూసింది. మళ్ళీ వారం కూర్చోవచ్చు. ‘నేను చూస్తున్నానని వేగంగా చేశారు’ అని ఒక వాక్యం రాయనూవచ్చు. రెండూ చేయలేదు. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. బుద్ధి లేక కాదు, బుద్ధి ఉండే చేసింది.

ఇంటర్వ్యూలో ప్రొఫెసరమ్మ రిపోర్టు తిరగేసి మెచ్చుకుంది. చివర్లో కళ్ళద్దాలు తీసి ఒక్క ప్రశ్న వేసింది. నువ్వు వాచీతో చూస్తున్నావని ఆ ఆడవాళ్ళకు తెలుసా, తెలిస్తే పని తీరు మారిపోతుంది కదా అని. అంతకంటే సూటి ప్రశ్న ఆమె ఎక్కడి నుంచి తెచ్చిందో గాని, మహిత ఒక్క క్షణం కూడా తడబడలేదు. తెలియదు మేడమ్, నన్ను లెక్కలు రాసుకునే గుమాస్తా అనుకున్నారు అని చక్కటి ఇంగ్లీషులో చెప్పింది. అన్నం పెట్టినవాళ్ళ గురించి అంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనని ఆమెకే అంతవరకు తెలియదు.

జాబితాలో మొదటి పేరు మహితది. పలమనేరులో మునిరత్నం అంగడికి వచ్చిన ప్రతివాడికీ, మేకులు కొన్నా కొనకపోయినా, పాలకోవా పెట్టాడు. కాలేజీ వాళ్ళు మర్యాదగా రిపోర్టు కాపీ ఒకటి ఫ్యాక్టరీకి పంపారు.

జూలై రెండో వారంలో వీసా కాగితాల కోసం ఫ్యాక్టరీ ఉత్తరం ఒకటి కావాల్సి వచ్చి మహిత చిత్తూరు పోయింది. గేటు పక్కన మోరీ గట్టు మీద ఏడుగురు ఆడవాళ్ళు సద్దిగిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అందులో దేవకమ్మ ఉంది. గేటు లోపల కొత్త బోర్డు. గంటకు పది క్రేట్లు, మూడు రోజులు తగ్గితే నాలుగో రోజు రానక్కర్లేదు.

మహిత ఆ బోర్డు రెండుసార్లు చదివింది. వెనక్కి తిరిగి పోదామంటే దేవకమ్మ అప్పటికే చూసేసింది.

“పాపా వచ్చినావా. నీ కోసమే అనుకుంటా ఉండాము. పది నువ్వు రాసిన లెక్కేనంట గదా. మేనేజరు కాగితం సూపించినాడు.”

మహిత సంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

“నేను ఆపొద్దే చెప్పినాను గదా, నీ కోసం కోసినామని. రిపోర్టు రాసేటప్పుడు మర్చిపోయినట్టుండావు. రొంత లోపలికి పోయి చెప్పు పాపా. నువ్వు చెప్తే వింటాడు.”

“అవునక్కా, మర్చిపోయినాను” అంది మహిత. ఆ మాట అనడానికి దారి కూడా దేవకమ్మే చూపించింది.

“సూసినారా?” దేవకమ్మ మిగతావాళ్ళ వైపు తిరిగింది. “మర్చిపోయిందంట. తెలిసి రాస్తాదా మన పిల్ల?”

మహిత తల దించుకుని లోపలికి నడిచింది. కుప్పుస్వామి కుర్చీ చూపించి, నీ రిపోర్టు బంగారం తల్లీ అని మొదలుపెట్టాడు.

“సార్, ఆ పది కొంచెం ఎక్కువేమో. వాళ్ళు ఆ వారం వేగంగా చేసినారు.”

కుప్పుస్వామి చెడ్డవాడేమీ కాదు, అవకాశం వదులుకునేవాడూ కాదు. డ్రాయరులోంచి తెల్ల కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. “నీ లెక్క తప్పని రాసి సంతకం పెట్టమ్మా. బోర్డు ఇప్పుడే తీసేయిస్తా. ఒక కాపీ మీ కాలేజీకి కూడా పంపాలనుకో, ముందరిది వాళ్ళు పంపిందే గదా. రాస్తావా, లేకుంటే నీ వీసా ఉత్తరం టైపు చేయించేదా?”

కాగితం ఫ్యాను గాలికి లేస్తుంటే మహిత చేత్తో అదిమి పట్టుకుంది. అంగడిలో పాలకోవా పంచుతున్న నాయన మొహం గుర్తొచ్చింది. కాసేపటికి చెయ్యి తీసేసింది. “ఉత్తరం ఇవ్వండి సార్” అంది.

గేటు బయట దేవకమ్మ లేచి నిలబడింది. “చెప్పినావా?”

“చెప్పినానక్కా.”

“సల్లగా ఉండు. రేపు పొద్దున ఏడుకే వచ్చి నిలబడతాములే.”

తిరుపతి బస్సులో సీటు దొరికింది. ఒళ్ళో ఉత్తరం, కిటికీలో చెరుకు తోటలు. రేపు ఏడు గంటలకు ఏడుగురూ వస్తారు. గేటు తెరుచుకుంటుంది, వాచ్‌మన్ పొమ్మంటాడు. పాప చెప్పిందే అని దేవకమ్మ వాడితో వాదిస్తుంది. అక్కడిదాకా ఊహించి మహిత కళ్ళు గట్టిగా మూసుకుంది. ఛీ అనిపించింది. తన మీద తనకే ఛీ అనిపించడం ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్ళకు తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కింది. ఆమె చేరేసరికి ఏడుగురూ మోరీ గట్టు మీదే ఉన్నారు. గేటు ఇంకా తెరవలేదు. ఎదురుగా నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

“నిన్న నేను ఆయనకు సరిగ్గా చెప్పలేదక్కా. చెప్పినానని మీకు అబద్ధం చెప్పినాను. ఆ పొద్దు కూడా మర్చిపోలేదు. తెలిసే పది అని రాసినాను.”

చంద్రకాంతమ్మ మొహం తిప్పేసుకుంది. ఆమె పక్కనున్నామె ఏదో గొణిగి, సద్దిగిన్నె ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టుకుంది. దేవకమ్మ మాత్రం కదలకుండా చూసింది.

“తెలుసు పాపా. అంత సదువుకునేదానివి, యాడ మర్చిపోతావు?”

“మరి ఇంత పొద్దున్నే ఎందుకొచ్చినారు?”

“నువ్వు వస్తావేమోనని.”

మహితకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపల సైరను మోగింది. వాచ్‌మన్ గొళ్ళెం తీసి గేటు సగం తెరిచాడు. ఏడుగురూ లేవలేదు, ఆమెనే చూస్తున్నారు. వాళ్ళ ముందు నుంచి ఒక్కతే నడిచి పోయి, కుప్పుస్వామి వచ్చేదాకా ఆఫీసు గది గడప దగ్గర నిలబడి, ఆ తెల్ల కాగితం ఇవ్వమని అడిగింది.