కేకల బీరువా

పొద్దున్నే ఎనిమిదింటికల్లా అటెండరమ్మ ఆటల గది తాళం తీస్తుంది. ముందు కిటికీలు తెరవాలి, లేకపోతే పాత బూట్ల కంపుకి కళ్ళు తిరుగుతాయి. తర్వాత గాలి దిగిన బంతులకి పంపు కొట్టడం, చిరిగిన వలకి నాలుగు ముళ్ళు వెయ్యడం, చివర్లో బీరువా తుడవడం. ఇనప బీరువా అది. నాలుగు అరలు, అరకో తాళం. అందులో కేకలుంటాయి.

ఎవరి కేకలంటారా? బళ్ళో పిల్లలవే. పక్క బడితో రిలే పందెం ఉందంటే, ముందురోజు సాయంత్రం బడి బడంతా వరసకట్టి, పరిగెత్తేవాళ్ళని పేరు పెట్టి పిలుస్తూ ఒక్కో అరలోకి ఒక్కో కేక వేస్తారు. వెంటనే తలుపు మూసి, తాళంచెవి ఆ పరిగెత్తే పిల్ల చేతికే ఇస్తారు. మర్నాడు మైదానంలో తెరుస్తారు. అప్పటికప్పుడు అరిచింది గాలికి పోతుందనీ, ఒక రాత్రి నిలవున్న కేక అయితేనే కాళ్ళకి పడుతుందనీ డ్రిల్లు మాస్టారి సిద్ధాంతం. తనిఖీకొచ్చిన అధికారి ఒకాయన అంతా చూసి, బీరువాకి రంగు వేయించమని రాసి వెళ్ళాడు. అంతే.

అడుగు అర మాత్రం ఇరవైమూడేళ్ళుగా తెరుచుకోలేదు. అందులో ఉన్నవి అటెండరమ్మ కోసం వేసిన కేకలే. అప్పుడామె పదో తరగతి పిల్ల, బడిలో ఆమెని దాటినవాడు లేడు, అందరూ తూనీగ అనేవాళ్ళు. పందెం రోజు పొద్దున వాళ్ళ నాన్న చెయ్యి అచ్చు యంత్రంలో పడి నలిగింది. ఆస్పత్రికి అమ్మ పరిగెత్తింది, చంటి తమ్ముడికి ఈమె కాపలా. ఆ కాపలా కాస్తా పనయింది, చదువు పదిలోనే ఆగింది, ఆ పని కాస్తా సంసారమయింది. మనిషి తక్కువై ఆ రోజు బడి ఓడిపోయింది. ఓడించింది తనేనని ఆమెకి ఇప్పటికీ గట్టి నమ్మకం. పదేళ్ళ క్రితం అదే బళ్ళో అటెండరుగా చేరింది. అప్పటి తాళంచెవి ఇంకా నడుముకున్న గుత్తిలోనే ఉంది. పరీక్షల రోజుల్లో ఆ అర గొణుగుతుంటే, "ఉండండర్రా, పిల్లలు రాసుకుంటున్నారు" అని కసురుతుంది.

ఆ బళ్ళో ఇంకో ఆనవాయితీ ఉంది. రిలేలో ముగ్గురు పిల్లలు, నాలుగో వంతు మాత్రం బళ్ళో జీతం తీసుకునేవాళ్ళు ఎవరో ఒకరు పరిగెత్తాలి, వాళ్ళకి బీరువాలో కేకలుండవు. ఏటేటా డ్రిల్లు మాస్టారే ఆ గండం గట్టెక్కించేవాడు. ఈ ఏడు ఆయన మోకాలు మొరాయించింది. పక్క బడి వరసగా రెండేళ్ళు గెలిచి కూచుంది, మూడోసారీ గెలిస్తే షీల్డు శాశ్వతంగా వాళ్ళదే.

పెద్దమేడం స్టాఫు రూములో అందరినీ అడిగింది. లెక్కల సారుకి ఉన్నపళంగా నడుం పట్టేసింది. సైన్సు టీచరు తన గుండె గురించి పావుగంట పాఠం చెప్పింది. మూడో పరుగు అటెండరమ్మ కూతురిది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, మా అమ్మ ఉందిగా అనేసింది.

పెద్దమేడం తలెత్తలేదు. ఒకప్పుడు ఆమే, అటెండరమ్మా ఒకే బెంచీ. ఇప్పుడొకరు కుర్చీలో, ఒకరు గుమ్మం దగ్గర స్టూలు మీద. ఆ ఊసు ఇద్దరూ ఎత్తరు.

అటెండరమ్మ ససేమిరా అంది. ఈ వయసులో నలుగురూ నవ్వడానికా అంది. ఒకసారి బడి పరువు తీసింది చాలదా అని కూడా అంది. కూతురు వాదించలేదు.

"మూడో మలుపు తిరిగి వస్తానమ్మా. నువ్వు లేకపోతే కర్ర ఎవరి చేతిలో పెట్టను?"

ఆ మాటకి అటెండరమ్మ మెత్తబడింది. మర్నాడు డ్రిల్లు మాస్టారి కాన్వాసు బూట్లలో దూది కుక్కుకుని గీత దగ్గర నిలబడింది. పక్కన అవతలి బడి డ్రిల్లు సారు, పాతికేళ్ళవాడు, పిక్కలు చూస్తేనే భయమేసేట్టున్నాడు. గుత్తి గలగలమంటోంది. "అది ఇటిచ్చెయ్యి అమ్మాయ్, పరుగులో అడ్డం" అన్నాడు డ్రిల్లు మాస్టారు. ఆలోచించకుండా ఇచ్చేసింది.

ఈల మోగింది. పై అర తెరిచారు, కేకలు బిలబిలమంటూ పోయి మొదటి పిల్లని తరిమాయి. రెండో పిల్ల వెనకబడింది. కూతురు పళ్ళు బిగించి సగం దూరం పూడ్చింది, మూడో మలుపు తిరిగింది, వగరుస్తూ వచ్చి కర్ర అమ్మ చేతిలో పెట్టింది. అప్పటికే అవతలివాడు పది అంగలు ముందున్నాడు.

అటెండరమ్మ పరిగెత్తింది. ఎక్కడ, కాళ్ళు కదిలితేగా! మోకాళ్ళు బిగుసుకుపోయాయి, బూట్లు టపటపలాడుతున్నాయి. ఓడించేది మళ్ళీ నేనే అనుకుంది.

డ్రిల్లు మాస్టారు ఆ గుత్తిలో తాళంచెవి కోసం వెతుక్కోలేదు. ఆనాడు దాన్ని ఆమె చేతిలో పెట్టింది ఆయనేగా. కుంటుకుంటూ వెళ్ళి అడుగు అర తెరిచాడు.

తూనీగా!

బీరువా వెల్లకిలా పడింది. మూడొందల గొంతులు ఇరవైమూడేళ్ళ ఆకలితో మైదానం మీద పడ్డాయి. అందులో ఇప్పుడు బస్సు నడిపేవాడి గొంతుంది, ఆస్పత్రిలో నర్సు గొంతుంది, నిరుడు పోయిన కుర్రాడి గొంతూ ఉంది, నిక్షేపంగా. అన్నిటికీ పైన ఒక కీచుగొంతు. పెద్దమేడం కళ్ళజోడు తీసేసింది. ఆ కీచుగొంతు తనదే.

అటెండరమ్మకి వొళ్ళు తేలికైపోయింది. కాళ్ళు ఎవరివో అన్నట్టు లేస్తున్నాయి. ఎనిమిది అంగలు, అయిదు, రెండు. అవతలివాడు వెనక్కి తిరిగి చూశాడు, చూడకుండా ఉండాల్సింది. ఆమె ఛాతీతో గీత మీది తాడు తెంచి, ఆగడం తెలీక కంచెదాకా పోయింది.

చెప్పులు వదిలేసి పెద్దమేడం వెంట పరిగెత్తింది. రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"ఇంతాలస్యమేమిటే?"

"ఇంట్లో పని తెమల్లేదే" అంది అటెండరమ్మ ఆయాసపడుతూ. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు కూడా.

పెద్దమేడం ఆ చెయ్యి వదల్లేదు. అటునుంచటే ఆఫీసు గదికి లాక్కెళ్ళి, పదో తరగతి పరీక్షకి ప్రైవేటుగా కట్టే దరఖాస్తు తీసి, తనే నింపి, సంతకం పెట్టమంది. ఆ వేసవిలో తల్లీ కూతుళ్ళ ఫలితాలు ఒకే రోజు వచ్చాయి. ఇద్దరూ పాసయ్యారు. లెక్కల్లో అమ్మకి మూడు మార్కులు ఎక్కువొచ్చాయి. కూతురు రెండ్రోజులు మాట్లాడలేదు.