డబ్బాలో ఈల

హైదరాబాదు నుంచి నా డబ్బా వాపసు వచ్చిన రోజు ఆ రామనర్సయ్యను నేను తిట్టని తిట్టు లేదు. నచ్చకపోతే నచ్చలేదని రాయొచ్చు. అది వదిలేసి, "పాట ఆగినప్పుడు మీ డబ్బా సన్నగా ఈల వేస్తోంది, పది నిమిషాలు వింటే తలనొప్పి వస్తోంది" అని చీటీ పెట్టాడు. ఈల అట, ఈల! రెండేళ్లు దాని ముందు కూర్చున్నవాణ్ణి నేను. నాకు వినపడని ఈల ఆయనకు రెండు రోజుల్లో వినపడిందట. బేరం తగ్గించడానికి ఎన్ని వేషాలో అనుకున్నాను.

నా పేరు రాఘవులు. మాది బస్తర్‌లోని మద్దేడ్. ఇరవయ్యో ఏట ఇనుపరాయి తవ్వే కొండ కిందికి వచ్చి, రాళ్లు పిండిచేసే క్రషర్ హౌసులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేరాను. చేరి పద్నాలుగేళ్లయింది. బయటపడాలని చూడక కాదు. ఎక్కడ దరఖాస్తు పెట్టినా "క్రషర్ అనుభవమా? అయితే మా క్రషర్‌కే రా" అంటారు. ఒడిశాలో అంతే, జార్ఖండ్‌లో అంతే. ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి పోవడానికి సామాను కట్టడం ఎందుకని ఇక్కడే ఉండిపోయాను. నా చొక్కాలు, మంచం, మా ఆవిడ ఉతికే దుప్పట్లు, అన్నీ ఎర్రగానే ఉంటాయి. కొన్నాళ్లకు మనం కూడా ఆ కొండలో ముక్కే అనిపిస్తుంది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. కంప్యూటరులో పాట పాటలా ఉండదు, అంకెల వరసలా ఉంటుంది. ఆ అంకెల్ని స్పీకరుకు పనికొచ్చే కరెంటుగా మార్చే సర్క్యూట్ ఒకటి ఉండాలి. దాన్ని డాక్ అంటారు. ప్రతి కంప్యూటరులోనూ ఒకటి ఉంటుంది కానీ నాసిరకం. మంచిది కొనాలంటే నా నెల జీతం చాలదు. నా కంప్యూటరులో భజన పాట పెడితే చిడతలు వినపడేవి కావు. గొంతు, మద్దెల వినపడేవి, చిడతలు మాత్రం గోనెసంచిలో కట్టి మోగించినట్టుండేవి. ఇదేం దరిద్రపు మెషిన్ అని ఒళ్లు మండి, నా డాక్ నేనే చేస్తానని కూర్చున్నాను. పదిహేను వందలు దాటకుండా, పదిహేను వేల దానికి దీటుగా ఉండాలని పట్టుదల. విడిభాగాలు భద్రాచలం నుంచి బస్సులో సుక్మా దాకా, సుక్మా నుంచి ఎవరో ఒకరి మోటారుసైకిల్ మీద నా దగ్గరికి వచ్చేవి.

రామనర్సయ్యది కొత్తగూడెం. హైదరాబాదులో నలుగురు పనివాళ్లతో చిన్న ఆడియో షాపు నడుపుతున్నాడు. ఇంటర్నెట్‌లో నా డిజైన్ చూసి ఆయనే ఫోన్ చేశాడు. "శాంపిల్ పంపండి. బాగుంటే తయారీకి పెడదాం, మీరూ ఇక్కడికే వచ్చేయండి, బెంచి ఇస్తాను" అన్నాడు. అదీ సంగతి. నాకు అది డబ్బా కాదు, తలుపు. అది తెరుచుకుంటే క్రషర్ హౌసు మొహం మళ్లీ చూడక్కర్లేదు.

తెరుచుకోలేదు. ఈలట!

ఆదివారం మధ్యాహ్నం క్రషర్ హౌసు నుంచి సీతయ్యను, హిడ్మాను పిలిచాను. శాంపిల్ పంపే ముందు విని బాగుందన్నది వాళ్లే. డబ్బాను కంప్యూటరుకు తగిలించి, స్పీకర్లు పెంచి, పాట పెట్టకుండా వదిలేశాను. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం.

"ఏక్‌దమ్ సాఫ్ భాయ్" అన్నాడు హిడ్మా.

"ఈల లేదు, గీల లేదు. మనం బస్తరోళ్లమని ఆడుకుంటుండు" అన్నాడు సీతయ్య.

నాకు ఇంకా కసి పెరిగింది. కాగితం తీసి ఘాటుగా జవాబు రాయడం మొదలుపెట్టాను. మా ఆవిడ సోమక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తన పుట్టిల్లు మరైగూడ. పనిలోంచి తలెత్తకుండానే, "ఈల ఏస్తది గదా" అంది.

"ఏందీ?"

"ఆ డబ్బా. నువ్వు వైరు పెట్టంగనే కీ అంటది. తీస్తే ఊకుంటది."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"మరి చెప్పవేందే!"

"నువ్వు అడిగితివా? పాట మంచిగున్నదా అని అడిగితివి. పాట మంచిగనే ఉన్నది. ఫ్రిజ్జు గుర్రుమంటది, ఫ్యాను టకటకమంటది, నీ డబ్బా కీ అంటది. కరెంటు సామాను గదా, అట్లనే ఉంటది గావచ్చు అనుకున్న."

నేను నమ్మలేదు. ఆమెను గోడవైపు తిరిగి కూర్చోబెట్టాను. వైరు పెట్టానో తీశానో చూడకుండా చెప్పమన్నాను. పెట్టాను. "ఉన్నది" అంది. తీశాను. "పోయింది." మళ్లీ పెట్టి, రెండుసార్లు తీసినట్టు చప్పుడు చేసి తీయకుండా ఉంచాను. "ఉన్నది, ఉన్నది. నన్నేం జేద్దామని?" అంది విసుగ్గా. పదిసార్లు పెట్టాను, పదిసార్లూ సరిగ్గా చెప్పింది. సీతయ్య చెప్పులు వేసుకున్నాడు. హిడ్మా నీళ్లు తాగి గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. మా ముగ్గురిలో ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.

వాళ్లెందుకు వెళ్లిపోయారో నాకు తెలుసు. క్రషర్ మోతకు చెవుల్లో ముందు సన్నటి చప్పుళ్లు చచ్చిపోతాయి, అందుకని ఏటా ఒకసారి కాంట్రాక్టరు పంపే చెవి పరీక్ష వ్యాను వస్తుంది. లోపల హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోవాలి. కాంపౌండరు అద్దం అవతల మీట నొక్కుతాడు, చప్పుడు వినపడితే మనం వేలెత్తాలి. మీట నొక్కినప్పుడల్లా ఆయన మోచెయ్యి కొంచెం కదులుతుంది. చేరిన మొదటి ఏడే పాతవాళ్లు నాకు ఆ మోచెయ్యి చూపించారు. చెవి పోయిందని రాస్తే పని పోతుంది, పని పోతే క్వార్టరు పోతుంది. అందుకని క్రషర్ హౌసులో అందరం మోచెయ్యి చూసే వేలెత్తుతాం. మా అందరికీ పసిపిల్లల చెవులున్నాయని సర్టిఫికెట్లు ఉన్నాయి. కొత్తలో అది అబద్ధమని తెలిసే ఎత్తేవాణ్ణి. పద్నాలుగు కాగితాలు చేతికొచ్చేసరికి ఆ కాగితాన్నే నమ్మాను. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంది. డబ్బా కొలతలు తీసినప్పుడు గ్రాఫులో ఒకచోట సన్నగా ముల్లులా లేచింది. చూశాను. నాకు వినపడటం లేదు కాబట్టి కంప్యూటరుదే లోపమని కొట్టిపారేశాను.

అప్పుడు చిడతల సంగతి గుర్తొచ్చింది నాకు. నా డబ్బా పక్కన పెట్టేసి, కంప్యూటరుకున్న నాసిరకం జాకుకే స్పీకర్లు తగిలించి భజన పాట పెట్టాను.

"ఇందులో చిడతలు వినబడ్తున్నయా?"

"వినబడ్తున్నయ్. ఎందుకు వినబడవు?"

"మంచిగనా?"

"గల్లుగల్లుమంటున్నయ్. ఏమైంది నీకు?"

రెండేళ్లు నేను బాగుచేసింది కంప్యూటరును కాదు. కంప్యూటరు ఎప్పుడూ బాగానే ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. సోమక్క చింతపండు చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది.

తర్వాత మూడు ఆదివారాలు ఆమె వింది, నేను టంకం పెట్టాను. ఒక్కో భాగం తీసి చూపిస్తే "ఉన్నది" అనేది. చివరికి దొరికింది. స్పీకరు కరెంటు అటూ ఇటూ ఊగాలంటే మైనస్ వోల్టేజీ కావాలి. దానికి చవగ్గా దొరికే చిన్న చిప్ వాడాను. అది సెకనుకు కొన్నివేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఆ వేగం సరిగ్గా మనిషి చెవికి అందే చోట ఉంది, నా చెవి చచ్చిపోయిన చోట ఉంది. చిప్‌కు ఒక కాలు ఖాళీగా వదిలేశాను. దాన్ని ఐదు వోల్టులకు కలిపితే వేగం ఆరింతలవుతుంది. చిన్న తీగముక్క, పైసా ఖర్చు లేదు. కలిపాను.

"పోయింది" అంది సోమక్క. మళ్లీ చెవి పెట్టి, "అబ్బ, ఇప్పుడు నిమ్మళంగున్నది" అంది.

ఈల నిజానికి పోలేదు, ఎవరి చెవికీ అందనంత పైకి వెళ్లింది. ఈ ఒక్క విషయంలో లోకాన్నంతా నాలాగే చేశాను. నాకు మాత్రం ముందెలా ఉందో తర్వాతా అలాగే ఉంది. ఆమె మాట మీద నమ్మకం పెట్టి పార్సిల్ కట్టాను.

పదకొండో రోజు పొద్దున రామనర్సయ్య ఫోన్ చేశాడు. నేను డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాను. స్పీకర్ ఆన్ చేశాను.

"రాఘవులు గారూ, అద్భుతం! ఈ ధరలో ఇంత నిశ్శబ్దం నేను వినలేదు. ఎంత చెవండీ మీది! ఒకటో తారీఖు నుంచి వచ్చేయండి. బయటికి పోయే ప్రతి డబ్బా మీరు విని ఓకే అనాలి. సోల్డరింగుకు పిల్లలున్నారు. నాకు కావాల్సింది మీ చెవి."

సోమక్క అన్నం డబ్బా పట్టుకుని నిలబడి నా మొహమే చూస్తోంది. "వస్తాను సార్" అంటే చాలు. పద్నాలుగేళ్లు అబద్ధపు వేలెత్తినవాడికి ఇంకొక్కసారి ఎత్తడం పెద్ద పనా? కానీ అక్కడ అద్దం అవతల మోచెయ్యి ఉండదు. నేను ఓకే అన్న డబ్బా ఎవరింట్లోనో ఈల వేస్తుంది. ఎవరికో తల నొస్తుంది.

"సార్, నేను చెవిటోణ్ణి" అన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. "ఆ ఈల పట్టింది మా ఆవిడ. నేను తీగె కలిపిన, అంతే."

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. డిజైన్ తీసుకుంటానన్నాడు, డబ్బా మీద నా పేరు వేస్తానన్నాడు. "మీరు అక్కడే ఉండి కొత్తవి ఆలోచిస్తూ ఉండండి" అన్నాడు. బెంచి మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఫోన్ పెట్టేశాక గదిలో నా గొంతే వినపడింది. "ఏం జూస్తున్నవ్? అయిపోయింది. ఇగ మనకు ఈ కొండే గతి. ఈడనే సస్తం!" అన్నాను.

సోమక్క అన్నం డబ్బా కింద పెట్టింది. నా దగ్గరికొచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా అంది. "ఇన్నేండ్లు నువ్వు అరుస్తుంటే నా మీద కోపమనుకున్న."

"నేను అరుస్తున్ననా?"

"పెండ్లయినకాడినుంచి ఇంతే. కూర మంచిగున్నదని జెప్పినా అరిచే చెప్తవు. నేనేం తప్పు జేసిన్నో అని లోపల్లోపల ఏడుస్తుంటి."

పదేళ్ల కాపురం. ఆమె మీద నాకు కోపమొచ్చిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గొంతు తగ్గించి, "ఇప్పుడు?" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంకా తగ్గించాను. మళ్లీ ఊపింది. గుసగుసలాడుతున్నానేమో, అసలు మాట బయటికొస్తోందో లేదో నాకే అనుమానం వచ్చేంత తగ్గించాను.

"ఇప్పుడు?"

సోమక్క నవ్వి ఏదో అంది. నాకు వినపడలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను, "ఇప్పుడు మంచిగున్నది" అంది.