కొలత ఎక్కణ్ణుంచి పట్టారు

టేపు మాస్టారికి ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఆయన భార్యకు మింగుడుపడని సంగతి అదే. నొప్పి లేని జబ్బేమిటి, విడ్డూరం కాకపోతే!

ఏడాది కిందట మూత్రపిండంలో రాయి ఉందేమోనని స్కాన్ తీయించారు. రాయి లేదు గాని, కడుపులో వెన్నెముకకు ముందుగా దిగే పెద్ద రక్తనాళం ఒకచోట ఉబ్బి ఉందని తేలింది. వెతకబోయిన తీగ కాలికి తగలడం అదృష్టమంటారు. ఇక్కడ వెతకని తీగ తగిలింది. అది అదృష్టమో కాదో మాస్టారికి తెలియలేదు.

"మోచేతి దగ్గర చొక్కా పలచబడుతుంది చూశారా, అలా గోడ సాగింది," అన్నాడు డాక్టరు. "ఐదున్నర సెంటీమీటర్లు దాటనంతవరకు అది పగిలే భయం కంటే ఆపరేషన్ భయమే ఎక్కువ. దాటితే లెక్క తిరగబడుతుంది. పగిలిందా, ఆసుపత్రి దాకా చేరడమే కష్టం. అందుకని ఆరు నెలలకోసారి కొలుద్దాం. సిగరెట్టు మానండి, బీపీ మాత్ర మానకండి."

మాస్టారు సిగరెట్టు మానేశాడు. ఆరు నెలల కిందటి కొలత ఐదు పాయింట్ ఒకటి. అప్పట్నుంచి ఆయన భార్య పొద్దున్నే దీపం పెట్టి, "స్వామీ, ఆ అంకెను అక్కడే ఉంచు," అని దణ్ణం పెట్టుకునేది. పక్కన కూర్చుని మాస్టారూ దణ్ణం పెట్టేవాడు గాని, దేవుడికి సెంటీమీటర్ల లెక్క చెప్పొచ్చా అని ఆయనకో సందేహం ఉండేది. పైకి అనేవాడు కాదు.

ఈసారి స్కాన్ గదిలో పోయినసారి ఉన్న పెద్దావిడ లేదు. ఆమె బదులు నడివయసు ఆపరేటరొకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మాస్టారి పొట్టమీద చల్లటి జిగురు రాసి, మీట తిప్పుతూ, తెర మీద రెండు కూడిక గుర్తులు పెట్టాడు.

"ఐదు పాయింట్ రెండు. ఆరు నెలలకి ఒక్క మిల్లీమీటరు. దీన్ని పెరగడం అనరండీ. హాయిగా ఇంటికెళ్లండి."

తెర పక్కన కుర్చీలో ఉన్న మాస్టారి భార్య రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

మాస్టారు లేవలేదు. నలభై ఏళ్లు దర్జీగా జనం నడుములు కొలిచిన మనిషి. ఎవరు ఏది కొలుస్తున్నా టేపు కొస ఎక్కడ పట్టారా అని చూడటం ఆయనకు రోగంలా అంటుకుంది. తెర మీద నల్లటి గుండ్రం, దాని చుట్టూ బూడిదరంగు పట్టీ కనిపిస్తున్నాయి. గుర్తులు పట్టీకి లోపలి అంచున ఉన్నాయి. పెద్దావిడ బయటి అంచున పెట్టడం ఆయనకు బాగా గుర్తు.

అడగకపోతే ఏం? ఇంట్లో ఆరు నెలలు నిశ్చింత. పైగా అది దణ్ణాలు పెట్టి తెచ్చుకున్న అంకె. దాన్ని పట్టుకుని లాగడం పాపమేమో. కాని ఒకసారి ఒక పెద్దమనిషిని ముందు స్వెట్టర్ మీద, కొన్నాళ్లకు చొక్కామీద కొలిచి, రెండు అంకెలూ ఒకేలా వచ్చాయని సంబరపడి, కోటు బిగుతుగా కుట్టి పాడుచేసింది తనే. ఆ మనిషి లావయ్యాడా, చిక్కాడా అన్నది ఆ అంకెలు చెప్పనే లేదు.

"బాబూ, ఒక్కమాట. లైనింగు లోపల్నుంచి పట్టారా, బయట్నుంచా?"

"లైనింగేంటండీ?"

"ఆ బూడిద పట్టీ. పోయినసారి ఆవిడ అవతలి అంచు నుంచి పట్టారు. మీరు ఇవతల పట్టారు."

"మీకెందుకండీ?" అంది భార్య. "ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వరు. వైద్యులకే పాఠాలు!"

ఆపరేటరు పాత బొమ్మ తెరిచాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"నేను ముందు పనిచేసినచోట లోపల్నుంచే కొలిచేవాళ్లం. చెయ్యి దానికే అలవాటైపోయింది. ఏ పద్ధతీ తప్పు కాదు మాస్టారూ. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చడమే తప్పు," అని గుర్తులు బయటికి జరిపాడు.

ఐదు పాయింట్ ఆరు.

డాక్టరు సీటీ స్కాన్ కూడా తీయించి, అదే అంకె వచ్చాక పిలిచాడు. "ఐదున్నర దాటింది. ఆరు నెలల్లో అర సెంటీమీటరు పెరిగింది, ఆ వేగం కూడా మంచిది కాదు. ఫలానా రోజు పగులుతుందని నేను చెప్పలేను. అసలు పగలకపోవచ్చు కూడా. కాని మీ గుండె, కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఇప్పుడు చేయించుకోవడమే మేలు. తొడ దగ్గర చిన్న కోత పెట్టి, లోపలికి మడిచిన గుడ్డ గొట్టం పంపి, ఉబ్బినచోట విప్పుతాం."

"అంటే లోపల కొత్త లైనింగు వేస్తారు."

"అంతే."

"కుట్లు గట్టిగా వేయండి. మా కొట్లో అయితే ఊడితే మళ్లీ తెచ్చుకోవచ్చు."

డాక్టరు నవ్వాడు. భార్య నవ్వలేదు. బయట వరండాలో బల్లమీద కూర్చున్నాక అంది:

"ఆ రోజే హాయిగా ఇంటికెళ్లేవాళ్లం. మీరే వెళ్లనివ్వలేదు."

"అది మాత్రం పెరుగుతూనే ఉండేదిగా. మనకు తెలిసేది కాదు, అంతే."

"అయితే ఇన్నాళ్లూ నేను పెట్టిన దణ్ణాలు?"

 నోటికొచ్చిన జవాబులేవీ మాస్టారికే నచ్చలేదు.

"నాకు తెలీదే," అన్నాడు చివరికి. "గోడ పగలకముందే ఇక్కడ కూర్చున్నాం. దాన్ని ఏ పద్దులో వేస్తావో నువ్వే చూసుకో."

ఆమె నర్సు తెచ్చిన సమ్మతి పత్రాన్ని ఒక్కో పంక్తీ వేలు పెట్టి చదివింది. అర్థంకాని రెండుచోట్ల నర్సుని ఆపి అడిగింది.  ఆపరేషన్ గురువారం. భర్త సంతకం కింద తన సంతకం పెట్టి కలం తిరిగి ఇచ్చింది.

"లోపలికెళ్లాక మాత్రం ఆ డాక్టరుకి అటు పట్టండి, ఇటు పట్టండి అని చెప్పకండి."

"మత్తిస్తారే. నన్ను మాట్లాడనిస్తారా?"

"హమ్మయ్య, ఒక్క పూటైనా," అని నవ్వబోయింది. నవ్వు రాక ఆయన మోచెయ్యి పట్టుకుంది. లిఫ్టు కోసం ఆగకుండా ఇద్దరూ నెమ్మదిగా మెట్లు దిగారు.