తొమ్మిదో రాయి నుంచి

కూర డబ్బాకి మూత బిగించాను. ఒలకదన్న నమ్మకం లేక గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి తొడిగాను. పోయినసారి కారు సీటు మీద పడిన మరకని మా ఆయన నెల రోజులు తలుచుకున్నారు. "ఇంకా అవలేదా? అందరూ వచ్చేస్తారు" అంటూ ఆయన బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. పది మందికి వంట నాది, అడవి ఆయనది.

ఆదివారాలు ఆయనా స్నేహితులూ నడిచే అడవి దారి గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. ఏడు కిలోమీటర్లు. దారిలో నంబర్లు వేసిన రాళ్ళు తొమ్మిది, ఒక్కో రాయి దగ్గర చూడాల్సింది ఒకటి. పాత కోట గుమ్మం, కూలిన బురుజు, గుహ, ఊట, అలాంటివి. దాని మీద ఆయన పుస్తకం రాశారు. ఎవరిదో పాత పుస్తకం ముందేసుకుని ఆయన చెబుతుంటే, ఆఫీసులో రోజంతా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు కొట్టొచ్చిన వేళ్ళతో నేను టైపు చేశాను. మూడుసార్లు చేశాను, ఎందుకంటే ఆయనకి మూడుసార్లు మనసు మారింది.

ఇంతా చేసి నేను చూసింది రెండో రాయి దాకానే. వాళ్ళ బృందానికి ఒక పద్ధతుంది. రెండో రాయి దగ్గర కోట గుమ్మం ముందు అందరూ ఫొటో దిగుతారు. ఆ తర్వాత ఆడవాళ్ళు వెనక్కి వచ్చి కార్ల దగ్గర చాపలు పరవాలి. మగవాళ్ళు చుట్టూ తిరిగి మూడు గంటలకి ఆకలితో దిగుతారు. నేనూ వస్తానని ఒకసారి అడిగితే, "టైపు చేశావుగా, అన్నీ తెలుసుగా నీకు. మళ్ళీ చూసేదేముంది?" అన్నారు. "మోకాళ్ళ నొప్పులంటావు, అడవులెందుకమ్మా నీకు?" అన్నారు అత్తగారు. బట్టల బకెట్ మేడ మీదికి మోసేటప్పుడు మాత్రం నా మోకాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

రేపు పుస్తకం అచ్చుకి వెళ్తుంది. అందులో ఒక వాక్యం నన్ను పట్టుకుని వదలడం లేదు. 'ఏడో రాయి దగ్గర జంటగా నిలిచిన మహావృక్షాల నీడలో కూర్చున్నప్పుడల్లా నాకు లేవబుద్ధి కాదు.' నాకూ ఒక్కసారి అలా కూర్చోవాలని ఉంది. లేవమని ఎవరూ పిలవని చోట. ఫొటో అయి కార్ల దగ్గరికి తిరిగొచ్చాక చాప పరిచి మళ్ళీ మడిచాను, మళ్ళీ పరిచాను.

"ఏంటొదినా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అంది పళ్ళ డాక్టరు గారి భార్య.

"తొమ్మిదో రాయి ఇక్కడే కదా, ఊట చూసొస్తా."

"అటు నుంచా? అటు ఎవరూ ఎక్కరు కదా!"

"ఇప్పుడే వచ్చేస్తా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నోటికొస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఊటలో కాళ్ళు తడుపుకున్నాను. గుహలోకి తొంగి చూసి, గబ్బిలాల వాసనకి ముక్కు మూసుకున్నాను. ఎవరో తరుముతున్నట్టు నడుస్తున్నాను. అన్నం చల్లారిపోతుందేమో, ఉప్పు డబ్బా తెచ్చానో లేదో, నా కోసం వెతుకుతున్నారేమో అని బుర్రలో ఒకటే గోల. పోను పోను దారి సన్నబడింది. ముళ్ళు చీర పట్టి లాగుతున్నాయి, మొహానికి సాలెగూళ్ళు తగులుతున్నాయి. ప్రతి ఆదివారం ఐదుగురు నడిచే దారి ఇలా ఎందుకుందో అర్థం కాలేదు.

ఏడో రాయి దగ్గర చెట్లు లేవు. దారి తప్పానేమోనని రాయి మీది నాచు గీకి చూశాను. ఏడే. రెండు చెట్లూ ఎప్పుడో కూలిపోయాయి. మానులు పుచ్చిపోయి, వేలు పెడితే లోపలికి దిగుతోంది. కొన్నేళ్ళు పట్టి ఉంటుంది అలా పుచ్చడానికి. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది. ఆయన అక్కడ కూర్చున్నారని నేనెంత కుళ్ళుకున్నాను!

ఆరో రాయి దాటి మెట్లు దిగుతుంటే మాటలు వినిపించాయి. ఐదో రాయి దగ్గర, బురుజు నీడలో, ఐదుగురూ దుప్పటి పరుచుకుని పేకాడుతున్నారు. వెనకనుంచి కార్ల వైపు దిగే అడ్డదారి ఒకటుంది, తొక్కి తొక్కి నున్నగా ఉంది.

మా ఆయన ముక్కలు పట్టుకునే లేచారు. "నువ్వేంటి ఇక్కడ? కూర గానీ ఒలికిందా?"

"ఏడో రాయి దగ్గర చెట్లు పడిపోయాయి."

"అయ్యో, ఎప్పుడు?"

"మీరు వాటి కింద కూర్చోకముందే."

బ్యాంకు మేనేజరు గారు దగ్గు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నారు. మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "నలుగురిలో ఏంటిది? సరే, ఇంటికెళ్ళాక ఆ పేజీలు నువ్వే సరిచేసెయ్. ముందెళ్ళి వడ్డించు, వచ్చేస్తున్నాం."

వెళ్దామనే కాలు కదిలింది, ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. మళ్ళీ ఆగాను.

"సరిచేస్తాను. నడిచింది నేను కాబట్టి అట్ట మీద నా పేరుంటుంది. అన్నం చాప మీదే ఉంది, వడ్డించుకోండి. నేనింకా నాలుగూ మూడూ చూడాలి."