కడిగిన బేరింగులు

మూడో దెబ్బకి మేస్త్రి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోట్లో రక్తమూ గ్రీజూ కలిసి ఉప్పగా, జిడ్డుగా తగిలాయి. ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేసేవాళ్లు నలుగురు మెకానిక్ షెడ్డు ముందు అతన్ని చుట్టుముట్టి ఉన్నారు. వేసి నెల తిరక్కుండా బేరింగు ఎలా పగిలిందో చెప్పమని ఒకడు జుట్టు పట్టి గుంజాడు. మేస్త్రికి నత్తి. మామూలు రోజుల్లోనే మాట గొంతు దాటడానికి మొరాయిస్తుంది. వీధిలో అందరికీ అతను నత్తి మేస్త్రే. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే పలకడు. "బే... బే..." అన్నాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ఇంకొకడు డొక్కలో తన్నాడు.

ఆ పొద్దున ఏటవాలు రోడ్డు దిగుతుండగా వాళ్ల తోటివాడి బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఆరు క్యాన్ల బరువుతో సహా మనిషి ఎగిరి లారీ కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి కిందనుంచి తీసేశారు. ఆ చక్రానికి బేరింగులు వేసింది నత్తి మేస్త్రి.

షెడ్డు ఓనరు బయటికి వస్తుంటే అడ్డుపడతాడనుకున్నాడు మేస్త్రి. ఓనరు వచ్చీ రాగానే చెప్పుకాలితో అతని దవడ మీద తన్నాడు. బిగించడం చేతకాని వెధవని చేరదీయడమే తన పాపమని నలుగురికీ వినబడేలా వాపోయాడు.

కాలు పోయిన క్యాన్లతని భార్య రాకపోతే మేస్త్రి అక్కడే పోయేవాడు. ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. కట్టుబట్టల మీద మొగుడి నెత్తురు అట్టకట్టి ఉంది. ఆపమంది. జాలిపడి కాదు.

"వీడు చస్తే నా బండి ఎవడు బాగుచేస్తాడు? రేపట్నుంచి క్యాన్లు నేనే వెయ్యాలి. ఒక్క రోజు మానితే ఆ ఇళ్లన్నీ ఇంకొకడు ఎగరేసుకుపోతాడు."

సందు దొరికిందే చాలని ఓనరు అందుకున్నాడు. వంకరపోయిన చక్రం మార్పించి, కొత్త బేరింగులు వేయించి, దమ్మిడీ తీసుకోకుండా బండి అప్పగిస్తానన్నాడు. గుంపు మెత్తబడింది. ఎంతైనా పెద్దమనిషి అన్నారెవరో.

షెడ్డు వెనక రేకుల గదిలో మేస్త్రి భార్య తడిగుడ్డతో అతని మూతి తుడిచింది. ఆ గది ఓనరుది. మాట తడబడేవాణ్ని పనిలోకి తీసుకున్నవాడూ ఊరు మొత్తానికి ఆ ఓనరొక్కడే. ఒక జత బేరింగుల ఖరీదు మేస్త్రికి రెండు రోజుల కూలి. పాత బళ్లలోంచి ఊడదీసిన బేరింగుల్ని పెట్రోలులో కడిగించి, గ్రీజు దట్టించి, కొత్త పెట్టెల్లో పెట్టి అదే ధరకి అమ్ముతాడు ఓనరు. కడిగేది మేస్త్రే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"నోరు మూసుకుని బిగించేసి రా," అంది. "రోడ్డున పడితే మనల్ని రమ్మనేవాళ్లెవరున్నారు?"

అతను వెళ్లి పనిలో కూర్చున్నాడు. ఓనరు పెట్టె తెచ్చి ఒళ్లో పడేసి, వెనకాలే నిలబడ్డాడు. మేస్త్రి బేరింగు తీసి వేలితో తిప్పాడు. గ్రీజు అడుగున సన్నగా ఇసుక నలిగినట్టుంది. తను కడిగిందే. దాన్ని చక్రం నడుమ ఆనించి, అంచు చుట్టూ సుత్తితో సమంగా కొడుతూ లోపలికి దించాడు. ప్రతి దెబ్బకీ పక్కటెముకలు కలుక్కుమన్నాయి. రెండో వైపు వెయ్యడానికి చక్రం తిప్పితే, ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్న క్యాన్లతని భార్య రెండు చేతులా పట్టుకుంది.

"అన్నా, నాకు బండి కొత్త," అంది మెల్లగా. "వాలులో దిగేటప్పుడు బరువు ఆగుతుందా?"

తన్నులు తింటున్నప్పుడు రాని కన్నీళ్లు ఆ పిలుపుకి వచ్చాయి. రెండో బేరింగు పక్కన పెట్టాడు. దించినదాన్ని వెనకనుంచి కొట్టి బయటికి రాల్చేశాడు.

"వె... వెయ్యను."

ఓనరు చేతికి ఇనప రాడ్డు ఎప్పుడు అందిందో ఎవరూ చూడలేదు. నేలకానించి ఉన్న మేస్త్రి కుడిచేతి మీద దాంతో కొట్టాడు. వేళ్లు పుల్లల్లా విరిగాయి. కక్షకొద్దీ పని మానేశాడనుకుని క్యాన్లవాళ్లు మళ్లీ మీదికొచ్చారు. మేస్త్రి ఎడమచేత్తో బేరింగు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు, తిప్పి చూడమన్నట్టు. ఆమె తిప్పింది. గరగరలాడింది.

"మీ... మీ ఆయన బండికీ ఇ... ఇలాంటివే. కడిగినవి. నే... నేనే వేశాను. తె... తెలిసే వేశాను."

ఆమె బేరింగు కింద పడేసింది. పక్కనున్న రెంచి తీసి అతని భుజం మీద బలంకొద్దీ కొట్టింది. మగవాళ్ల దెబ్బల కన్నా అదే లోతుగా దిగింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. మళ్లీ ఎత్తిన రెంచి దించి, ఆమె ఓనరు వైపు తిరిగింది.

ఓనరు అప్పటికే బేరింగు పెట్టెలున్న సామాను గది షట్టరు లాగుతున్నాడు. ఆమె పరుగెత్తి గడప మీద అడ్డంగా కూర్చుంది. షట్టరు దభీమని ఆమె వీపు మీద పడింది. లేవలేదు. ఓనరు పైకెత్తి ఇంకోసారి పడేశాడు. క్యాన్లవాళ్లు ఎవర్ని కొట్టాలో తోచక బిగించిన పిడికిళ్లతో అలాగే నిలబడిపోయారు.

రేకుల గదిలోంచి మేస్త్రి భార్య వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. ఓనరు పక్కనే నిలబడి, షట్టరు అంచు కింద రెండు చేతులూ పెట్టి పైకి పట్టింది. చేతులు తియ్యకపోతే ఈ పూటే గది ఖాళీ చెయ్యాలన్నాడు ఓనరు. ఆమె పట్టు వదల్లేదు.

క్యాన్లతని భార్య కూర్చున్న చోటునుంచే లోపలికి చెయ్యి చాచి, కింది అరలోంచి ఒక పెట్టె లాగి చింపింది. బేరింగుని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పింది. గరగర వినగానే దాన్ని వీధిలోకి విసిరేసి, ఇంకో పెట్టె అందుకుంది.