ఎలుగుబంటి వీపు

జగిత్యాల ప్రకృతి మ్యూజియంలో పొద్దున్నే మొదటి పని ఎలుగుబంటికి దుమ్ము దులపడం. ఆ పని పోశవ్వది. గడ్డి కూరిన నెమలి, దుప్పి ఆమె గుడ్డ కింద బుద్ధిగా నిలబడతాయి. ఎలుగు కూడా గడ్డి కూరిందే, కానీ దాని సంగతి వేరు. దడుచుకున్న పిల్లల్ని తల్లులు తీసుకొస్తే అది ముందుకాళ్లు మడిచి వంగుతుంది. పిల్లను ఓసారి వీపు మీద కూర్చోబెట్టి దింపితే దడుపు పోతుంది. ఒకప్పుడు ఎలుగును ఆడించేవాళ్లు వాకిళ్లలోకి వచ్చి ఈ పని చేసేవాళ్లు. వాళ్లు రావడం మానేశాక తల్లులు ఇక్కడికి టికెట్టు కొనుక్కొని వస్తున్నారు. చచ్చినా పని మానలేదు పాపం అనుకుంటారు, అంతే.

తెలియనిదల్లా హైదరాబాద్ కంపెనీకే. ఎలుగు వంగినప్పుడల్లా వాళ్లు బిగించిన కెమెరాలు 'వస్తువు కదిలింది' అని గోల చేసేవి. ఆ గోలంతా శ్రీవాణి నెత్తిన పడేది. మ్యూజియం కంప్యూటర్లూ కెమెరాలూ చూడటానికి కోరుట్ల నుంచి వచ్చే కంపెనీ మనిషి ఆమె.

పనిమంతురాలే. కానీ దుబాయిలో అన్న పోయాడన్న కబురు ఫోన్లో విన్నప్పటి నుంచి, ఫోన్ మోగితే చాలు ఆమె దడుచుకుంటుంది. ఎవరు చేసినా ఎత్తదు, మెసేజ్ పెట్టమంటుంది. ఫోనెత్తని సపోర్టు మనిషిని కంపెనీ ఎన్నాళ్లు భరిస్తుంది? మేనేజర్ సుదర్శన్ ఆ పొద్దున మెసేజ్ పెట్టాడు: "ఇయ్యాల ఎలుగును బోల్టులేసి బిగించు. తర్వాత నేనే ఫోన్ చేస్త. ఎత్తకుంటే రేపటి నుంచి రాకు."

శ్రీవాణి డ్రిల్లు మిషను తెచ్చి ఎలుగు కాళ్ల దగ్గర కూర్చుంది.

"గిదేంది బిడ్డా, దాని కాళ్లు కట్టేస్తవా?" అంది పోశవ్వ.

"నేనేం జెయ్యాలె అవ్వా? నా నౌకరి పోతది."

"ముత్యంపేటామె రేపు బిడ్డను తెస్తనన్నది. గామెకేం చెప్పాలె?"

శ్రీవాణి తల వంచుకొని డ్రిల్లు ఎత్తింది. స్విచ్చి మీద వేలు పెట్టింది. ఎలుగు నెమ్మదిగా ముందుకాళ్లు మడిచింది.

గదిలో పిల్లలెవరూ లేరు. పోశవ్వ అటూ ఇటూ చూసి, చివరికి శ్రీవాణిని చూసింది.

"నీ కోసమే వంగింది. ఎక్కు."

"నేనేమన్న చిన్నపిల్లనా అవ్వా?"

"దడుపుకు చిన్నేంది, పెద్దేంది! ఎక్కు బిడ్డా."

సిగ్గుపడుతూనే ఎక్కి కూర్చుంది. కూర్చోగానే ఏడుపు ముంచుకొచ్చింది. అన్న పోయిన రోజు అమ్మను పట్టుకోవడంలో తను ఏడవనేలేదు. ఇప్పుడు ఎలుగు మెడ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పోశవ్వ ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

ఫోన్ మోగింది. శ్రీవాణి చున్నీతో ముఖం తుడుచుకొని ఎత్తింది.

"చెప్పండి సార్."

అది సుదర్శన్. "ఎత్తినవా! బోల్టులు బిగించినవా?"

"లేదు సార్. వంగుడే దాని పని. వంగితే గోల చెయ్యకుండ కెమెరా సెట్టింగే మారుస్త."

"గట్ల మార్చొస్తదా? మరి ఇన్ని రోజులు చెప్పవైతివి?"

"చెప్పాలంటే ఫోనెత్తాలె కద సార్."

అవతల సుదర్శన్ నవ్వాడు. "సరే, మార్చు. రేపు కూడ ఎత్తు," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా శ్రీవాణి దిగలేదు. అన్న పోయినప్పటి నుంచి ఇబ్రహీంపట్నంలో వదిన రోజూ ఫోన్ చేస్తూనే ఉంది, ఒక్కసారైనా ఆడబిడ్డ గొంతు వినాలని. శ్రీవాణి తనే ఆ నంబరు నొక్కింది.

"వదినా, నేను," అంది.